నడుము కొలత ఇరవై తొమ్మిది

ఆఫీసులో ఆమెను అందరూ టేపక్క అనేవారు. ఇరవై మూడేళ్లుగా ఆమె పని ఒకటే. అడవిలో నాలుగు మూలలా గుర్తులు పాతిన నేల చదరాలకు వెళ్లడం, నంబరు రేకు కొట్టిన ప్రతి చెట్టుకూ ఛాతీ ఎత్తులో టేపు చుట్టడం, వచ్చిన చుట్టుకొలతను పుస్తకంలో రాయడం. ఆ అంకెల్ని బట్టి చెట్టు బరువెంతో, అందులో కర్బనం ఎంత దాగి ఉందో కంప్యూటరు లెక్కకడుతుంది. చెట్టును కొట్టకుండానే తూకం వెయ్యడమన్నమాట. అరిగేవి మాత్రం టేపక్క మోకాళ్లు.

ఆ ఏడు నలభై రెండు చదరాలూ ముగించేసరికి ఆమెలో ఓపిక అడుగంటింది. ఆదివారం మధ్యాహ్నం మోకాళ్ల మీద వేడినీళ్లలో పిండిన గుడ్డ వేసుకుని పడుకుంది. ముందు గదిలో భర్త మిషను తొక్కుతున్నాడు. ఆయన దర్జీ.

అప్పుడే తూర్పు అడవి గార్డు వచ్చాడు. చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అక్కా, నన్ను ఉద్యోగంలోంచి పక్కన పెట్టేశారు."

"ఏం చేశావురా?"

"నా అడవి పోయిందంట! పోయినసారి ఉన్న కర్బనంలో పదోవంతు కూడా లేదంట. పెద్ద చెట్లన్నీ అమ్ముకుతిన్నానని రాశారు. నువ్వూ నేనూ కలిసే కదా కొలిచాం, చెట్లు ఉన్నాయా లేవా?"

"ఉన్నాయి. ఒక్కటీ పోలేదు." ఆమె లేచి కూర్చుంది.

"మరి నా మీద బెంగతో చిక్కిపోయాయేమో!"

ఆమె సంచిలోంచి పుస్తకం తీసింది. ఇద్దరు చేతులు చాపినా అందని చెట్టుకు నూట నాలుగు అని రాసి ఉంది. కింద అరవై, నలభై ఒకటి, యాభై అయిదు. అక్షరాలు ఆమెవే. అన్నీ మూడోవంతుకు పడిపోయాయి. ఆ రోజుల్లో ఎంత అలిసిపోయిందంటే, అంకె కనిపిస్తే రాసేసి తర్వాతి చెట్టుకు నడిచింది తప్ప, చెట్టు వంక తలెత్తి చూడలేదు.

మిషను ఆగింది. "నీ అడవి టేపు ఇలా ఇవ్వు" అన్నాడు భర్త. ముప్ఫయ్యేళ్లుగా ఆయన మెడలో టేపు లేని రోజు లేదు. "బామ్మర్దీ, చేతులెత్తు."

గార్డు అయోమయంగా చేతులెత్తాడు. ఆయన టేపును అతని నడుముకు చుట్టి చదివాడు. "ఇరవై తొమ్మిది."

"ఇరవై తొమ్మిది ఏంటి బావగారూ?"

"అదే నేనూ అడుగుతున్నా. అంగుళాలైతే ఈ పొట్ట అందులో పట్టదు. సెంటీమీటర్లైతే పిల్లికూనకు చాలు." తన టేపుతో కొలిస్తే తొంభై ఒక్క సెంటీమీటర్లు వచ్చింది. అడవి టేపును తిరగేసి మళ్లీ చుట్టాడు. అప్పుడు అదీ తొంభై ఒకటే చూపించింది.

విషయం తేలింది. ఆ ఏడు అన్నిటికంటే చివర కొలిచిన తూర్పు అడవిలో అడుగుపెట్టిన రోజే పాత టేపు తెగింది. స్టోరువాళ్లు కొత్తది ఇచ్చారు. దానికి ఒకవైపు చుట్టుకొలత, రెండోవైపు నేరుగా చెట్టు అడ్డుకొలత, అంటే చుట్టుకొలతలో దాదాపు మూడోవంతు. టేపక్క చదివింది ఆ రెండోవైపే. రెండోవైపు చదవాలంటే లెక్క వేరే పద్ధతిలో కట్టాలి. ఆ మాట ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు. గార్డు కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు.

మర్నాడు ఆఫీసరు ముందు నిలబడి తప్పు నాదే సార్ అంది. ఆయన చాలాసేపు పుస్తకం తిరగేశాడు.

"మూడు పాయింట్ ఒకటి నాలుగుతో గుణిస్తే అయిపోతుందమ్మా. అయిదు నిమిషాల పని. కానీ విచారణ మొదలైపోయింది. కాగితం మీద తప్పును కాగితం మీదే దిద్దామంటే ఎవరు నమ్ముతారు? తూర్పు అడవిలోని తొమ్మిది చదరాలూ సాక్షి ముందు మళ్లీ కొలవాలి."

"ఇంకెవరినైనా పంపుతారా సార్?"

"ఇంకెవరున్నారు?"

పదకొండు రోజులు పట్టింది. సాక్షిగా పక్క ఆఫీసు గుమాస్తా వచ్చాడు. అడవిని ఫోటోల్లో తప్ప చూడనివాడు. గార్డుకు లోపలికి రావడానికి అనుమతి లేదు. రోజూ పొద్దున్నే రోడ్డు మీద నిలబడి ఆమె చేతికి నీళ్ల సీసా ఇచ్చి, సాయంత్రం దాకా అక్కడే కూర్చునేవాడు. ఆమె ప్రతి అంకెనూ పైకి చదివింది, గుమాస్తా సంతకం పెట్టాడు. పెద్ద చెట్టుకు మూడు వందల ఇరవై ఏడు వచ్చింది. చదివేసి, బెరడుకు నుదురు ఆనించి ఉండిపోయింది.

"ఏడుస్తున్నారా అమ్మా?" అన్నాడు గుమాస్తా కంగారుగా.

"లేదు నాయనా. నిలబడ్డానికి ఆసరా."

లెక్క తేలింది. తూర్పు అడవి తగ్గలేదు సరికదా, పోయినసారికంటే కాస్త పెరిగింది. ఆమెకు మాత్రం అజాగ్రత్త అని మెమో ఇచ్చారు. ఇరవై మూడేళ్లలో అదే మొదటిది. సంతకం పెట్టి తీసుకుంది. కూర్చుని చేసే పని ఏదైనా ఇప్పించమని అర్జీ పెడితే, చూద్దాం అన్నారు.

మరో ఆదివారం గార్డు మళ్లీ వచ్చాడు. ఉద్యోగం తిరిగి వచ్చింది, కానీ తన అడవిలో కాదు, ఎక్కడో దూరాన చెక్‌పోస్టులో. ఆ సంగతి చెప్పిపోదామని వచ్చాడు. ఆమె నిద్రపోతోంది.

"లేపనా?" అన్నాడు దర్జీ.

"వద్దు బావగారూ. పడుకోనివ్వండి."

కాసేపు గుమ్మంలో కూర్చుని, ఆ కబురు ఆయనకే చెప్పి వెళ్లిపోయాడు. సాయంత్రం భర్త చెబితే ఆమె కళ్లు తెరవకుండానే విన్నది.

"కూర్చునే ఉద్యోగం, మంచిదే" అని అటు తిరిగి పడుకుంది.