నూనె కాలు, బూడిద చెయ్యి

పోయిన నెల మోకాళ్ల డాక్టరుకు చూపించుకుందామని పలాస నుంచి టెక్కలి వెళ్లి, బస్సు దిగి రోడ్డు దాటబోతూ ఉంటే, కూడలిలో కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ మీద నాకు బాగా తెలిసిన మొహం ఒకటి కనబడింది. జుట్టు నెరిసింది, బుగ్గలు జారాయి, ఆ ఎగతాళి నవ్వు మాత్రం అలాగే ఉంది. కింద పెద్ద అక్షరాలతో, ఏనాడూ ఎవరి పట్టుకూ చిక్కని కబడ్డీ వీరుడికి కన్నీటి వీడ్కోలు అని రాసి, పెదకర్మ ఏ రోజున, ఎక్కడో వివరం వేశారు. చనిపోయిన మనిషి బొమ్మ ముందు నిలబడితే ఎవరికైనా అయ్యో అనిపించాలి. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి పట్టుకూ చిక్కలేదా? మరి నేనెవర్ని? అబద్ధం అని పైకే అనేశాను. అరటిపళ్ల బండి దగ్గరున్న ఆవిడ నన్నొకసారి ఎగాదిగా చూసి పళ్లు సర్దుకోవడంలో పడింది.

నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, ఈనాటి పిల్లలు టీవీలో రంగు చాపల మీద చూస్తున్న కబడ్డీని మేము చెడుగుడు అనే ఆడాం, అదీ ఇసుకలో, ఎండలో, మోకాళ్లు చెక్కుకుపోతూ ఆడాం. ఏడుగురిలో రెండు చివర్లా నిలబడే ఇద్దరినీ కార్నర్లంటారు. కూతకు వచ్చినవాడు వెనక్కి తిరిగే ఆ రెప్పపాటులో నేల మీదికి దూకి వాడి చీలమండ పట్టుకోవాలి, మిగతావాళ్లు వచ్చి మీద పడేదాకా ఒక్కడే వాణ్ణి ఆపాలి. పట్టు నిలిస్తే చప్పట్లు అందరికీ, జారితే తిట్లు కార్నరుకి. బారువలో పుట్టినవాణ్ణి గనుక నాకిది ఎవరూ నేర్పలేదు. ఒడ్డుకు వల లాగేటప్పుడు మడమ ఇసుకలో దించి వెనక్కి వాలి నిలబడటం మాకు నడకతో పాటే వస్తుంది, సముద్రం లాగినా కదలని కాలు ఒక మనిషి లాగితే కదులుతుందా? ఎడమ చివర నేను, కుడి చివర మా బావ, అంటే మా అక్క భర్త. మేమిద్దరం నిలబడితే చుట్టుపక్కల కూతగాళ్లు మధ్యలోనే తచ్చాడి వెళ్లిపోయేవాళ్లు.

అలాంటి రోజుల్లో విశాఖపట్నంలోని ఒక పెద్ద ఫ్యాక్టరీ వాళ్లు తమ జట్టుకు ఆటగాళ్లను ఎంచుకోవడానికి టెక్కలి మైదానానికి వచ్చారు. ఎంపికైతే పర్మనెంటు ఉద్యోగం, క్వార్టర్సు, ఇక జీవితమంతా ఆటే. ఒక కూతగాడు, ఒక కార్నరు కావాలన్నారు. ఆ రోజు ఆఖరి కూతకు వచ్చినవాడే ఆ ఫ్లెక్సీలోని మహానుభావుడు. నా వైపే వచ్చి, కాలు చాపి, వెనక్కి తిరిగాడు. సరిగ్గా సమయానికి దూకాను, రెండు చేతులతోనూ చీలమండ అందుకున్నాను. కాలు సబ్బుబిళ్లలా జారిపోయింది. నేను ఇసుకలో బోర్లా పడి ఉంటే వాడు గీత దాటి, వెనక్కి తిరిగి అందరూ వినేట్టు, “ఏట్రా బారువోడా, సేపలు పట్టిన సేతికి మనిసి కాలు అందదేటి?” అన్నాడు. మైదానమంతా విరగబడి నవ్వింది.

నా అరచేతులు కొబ్బరినూనె వాసన కొడుతున్నాయి. వాడు కాళ్లకు నూనె రాసుకొచ్చాడు. ఆటకు ముందు గోళ్లూ కాళ్లూ తడిమి చూడాల్సిన పెద్దమనిషి వాడి మేనమామ, తడమకుండానే లోపలికి పంపాడు. నా చేతులు వాసన చూడమని ఆయన ముక్కు దగ్గర పెడితే, పొద్దున తలకు నూనె పెట్టుకున్నావేమోలే అని నవ్వేశాడు. వాడు విశాఖ వెళ్లాడు. నేను పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో చేరాను, పగలు బస్తాలు మోయడం, పొద్దు వాలాక యజమాని జట్టుకు ఆడటం. అదే నా ఉద్యోగం, అదే నా ఆట.

అప్పటినుంచి నేను పట్టిన ప్రతి కాలూ నాకు వాడి కాలే. జలంత్రకోటలో కొబ్బరితోటల మధ్య ఆడినా, డొంకూరులో జనం సగం తెలుగులో సగం ఒడియాలో కేకలేస్తుంటే ఆడినా, ఎదుటివాడి మొహం నాకు అక్కర్లేదు, చీలమండే చూసేవాణ్ణి. వేళ్లు విరిగి వంకర్లు పోయాయి. మోకాలు అప్పుడే పాడయింది. వాడి సంగతులు మాత్రం అడక్కుండానే చెవిన పడేవి, జట్టుకు కెప్టెనయ్యాడని, స్కూటరు కొన్నాడని, ఫలానా ఊళ్లో దండలేశారని. ఇంక ఒగ్గేయ్‌రా, ఆడి బతుకు ఆడిది అని మా బావ ఎన్నోసార్లు నచ్చజెప్పాడు. నేను వినలేదు. ఆ క్వార్టర్సులో నేనుండాలి, ఆ స్కూటరు మీద మా ఆవిడ కూర్చోవాలి అనిపించేది. పగ అనేది మనిషిని తినేస్తుందంటారు గానీ, నన్నయితే అదే నిలబెట్టింది, మోకాలు వాచిన ఉదయాల్లో నన్ను మంచం మీంచి లేపింది అదే.

దేవుడున్నాడనడానికి నాకున్న రుజువు ఒక్కటే. ఒక మాఘమాసంలో బారువ సముద్రపు ఒడ్డున పోటీలు పెట్టారు, సొంతూరు టెక్కలి జట్టు తరఫున ఆడటానికి వాడు కంపెనీ ట్రాకుసూటు వేసుకుని వచ్చాడు. ఆ మధ్యాహ్నం నేను మా ఇంటి పెరట్లో కూర్చుని మోకాలికి గుడ్డ చుట్టుకుంటున్నాను. అమ్మ పాముచేపలు శుభ్రం చేస్తోంది. చేతికి చిక్కక మెలికలు తిరిగిపోయే ఆ చేపను, పొయ్యిలోంచి గుప్పెడు బూడిద తీసి అరచేతులకు రాసుకుని ఒక్క పట్టు పట్టింది, అది మరి కదల్లేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆ పని చూస్తున్నాను, ఇన్నేళ్లూ నా బుర్రకెందుకు తట్టలేదో! లేచి వెళ్లి అమ్మ ముందు నుంచి బూడిద తీసుకుని తువ్వాలులో మూట కట్టాను.

“బూడిదెందుకురా నీకు?” అంది అమ్మ.

“ఒక పామునే పట్టాలమ్మా,” అన్నాను.

వాడి వంతు రాగానే బావ దగ్గరున్న తువ్వాలులో చేతులు అద్దుకున్నాను. వాడు నా గుడ్డ చుట్టిన మోకాలు చూశాడు, చూసి నవ్వి, నా వైపే వచ్చాడు. కాలు చాపాడు, తిరిగాడు. దూకాను. ఈసారి బూడిదా నూనే కలిసి చెయ్యి బంకలా అంటుకుపోయింది. బావ వచ్చి వాడి నడుము పట్టబోతే, వద్దని అరిచాను. ఎవరినీ రానివ్వలేదు. మడమ ఇసుకలో దించి వెనక్కి వాలి, గీత వాడి వేళ్లకు జానెడు దూరంలో ఉండేట్టు వాణ్ణి అలాగే పట్టి ఉంచాను. వాడు కబడ్డీ కబడ్డీ అంటూ ఇసుక గీరుతున్నాడు, గొంతు సన్నబడింది, మాట గుసగుసయింది, చివరికి ఊపిరి అందక నోరు తెరిచి ఆగిపోయాడు. అంతటితో వదిలేయొచ్చు. నేను వదల్లేదు. వాడి కాలు పైకెత్తి, చుట్టూ ఉన్న జనానికి చూపించాను. నూనె పట్టిన చర్మం మీద నా అయిదు వేళ్లూ తెల్లగా అచ్చుపడి ఉన్నాయి, ఉత్తి కాలైతే ఆ బూడిద ఎప్పుడో రాలిపోయేది. ముందు వరసలో ఉన్న ఎండుచేపల ముసలమ్మ లేచి, “ఓలమ్మా, నూనె రాసుకొచ్చినాడర్రా!” అని ఒక్క కేక పెట్టింది. ఒడ్డంతా గోల. రిఫరీ వచ్చి వేలితో రాసి వాసన చూశాడు. నా చేతుల బూడిద గురించి ఫిర్యాదు చేయాలన్నా, ముందు తన కాళ్ల నూనె ఒప్పుకోవాలి, అందుకని వాడు నోరెత్తలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లిపోయాడు. ఆ రోజు నాకు కలిగిన ఆనందం నా పెళ్లినాడూ కలగలేదు, మా ఆవిడ ఏమనుకున్నా సరే.

అయితే వాడి ఉద్యోగం వాడికే ఉంది, నా బస్తాలు నాకే ఉన్నాయి. అప్పట్లో ఫోటో తీసినవాడు లేడు, పేపర్లో వేసినవాడు లేడు. అమ్మ పోయింది, బావ పోయాడు, ఆ ముసలమ్మ ఎప్పుడో పోయింది. ఇప్పుడిక ఊరూరా ఫ్లెక్సీలు కట్టి వాణ్ణి చిక్కని వీరుణ్ణి చేస్తే, నా బతుకులో నేను గెలిచిన ఆ ఒక్క పట్టూ జరగనట్టే కదా! అందుకని ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పెదకర్మకు వెళ్లాను. పదిమందీ భోజనాలకు కూర్చున్నాక, వాళ్ల మధ్య నిలబడి, నేను పట్టాను వీణ్ణి అని చెప్పాలని వెళ్లాను.

పంక్తి ఇంకా వేయలేదు. తెల్లచీరలో ఉన్న ఆయన భార్య, తెలియని మొహం కనబడేసరికి దగ్గరికొచ్చి ఏ ఊరని అడిగింది. బారువ అన్నాను.

“బారువా? పెళ్లయిన కాడ్నుంచి అడిగినాను అన్నయ్యా, ఒక్కపాలి బారువ సముద్రం సూపించమని. మాగమాసం తానాలకి ఊరంతా ఎల్తాది, మేం తప్ప. నేనొక్కదాన్నీ ఎల్తానన్నా వొద్దనీవోరు. ఒకపాలి సుట్టాలింటికి ఎల్తా ఎల్తా, బారువ అన్న బోర్డు సూసి బండి ఎనక్కి తిప్పేసినారు. ఎందుకని అడిగితే మాటాడకుండా సీలమండ రుద్దుకుంటా కూకునీవోరు. ఆ ఊర్లో ఏటున్నాదన్నయ్యా?”

చెప్పాలని వచ్చిన మాటంతా నోట్లోనే ఉంది. అప్పుడే చెప్పేయొచ్చు. కానీ అక్కడున్న పదిమందికీ చెప్పడం కంటే వెయ్యింతలు, నాకు ఆ క్షణంలోనే దక్కిపోయింది.

“ఏటుంతాదమ్మా, ఇసకే,” అన్నాను.

కడుపునిండా తిన్నాను. పరమాన్నం మారు వడ్డించమని అడిగి మరీ తిన్నాను. అందుకు సిగ్గుపడటం లేదు. బస్సులో తిరిగి వస్తూ ఉంటేనే ఎందుకో ఆ తృప్తి మెల్లగా చప్పబడింది. ఇప్పటి కుర్రాళ్లు మంచివాళ్లు, ఈ ఏడు ఒక జట్టు, వచ్చే ఏడు ఇంకో జట్టు, విజిల్ పడగానే వాటేసుకుని సెల్ఫీ దిగుతారు, ఓడించినవాడి పేరు మర్నాటికి గుర్తుండదు. అదే సుఖమేమో. మా తరంలో ఒక పట్టు జీవితాంతం ఉండేది, పట్టినవాడికీ, పట్టుబడినవాడికీ. విశాఖలో, రిటైరయ్యాక టెక్కలిలో కూర్చుని ఆయనా, పలాసలో కూర్చుని నేనూ, ఒకరికి తెలియకుండా ఒకరం ఇంతకాలం ఒకరినొకరు మోసుకుంటూ వచ్చాం. పెళ్లాం పిల్లలు సరే, వాళ్లకు నేను మోకాలి నొప్పి ముసలాణ్ణి. నేను ఎలాంటి ఆటగాణ్ణో ఆయనంత బాగా తెలిసిన మనిషి, రోజూ తలుచుకున్న మనిషి, ఇక ఈ జిల్లాలో ఎవరూ లేరు.