ఆదిలక్ష్మి గారు వెనక్కి తీసుకున్న దెయ్యం

మొన్న నరసరావుపేటలో మందుల షాపు ముందు నిలబడి ఉంటే, పక్కనున్న పెద్దాయన నీలగిరి తైలం సీసా మూత తీసి వాసన చూశాడు. ఆ ఘాటు నా ముక్కుకు తగలగానే ఆదిలక్ష్మి గారి ముందుగది గుర్తొచ్చింది. రాసి రాసి కొంకర్లు పోయిన వేళ్లకు ఆవిడ పొద్దున్నే ఆ తైలం పట్టించుకుని కూర్చునేవారు.

ఆ పేరు ఇప్పటివాళ్లకు తెలియదు. గురజాల టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా హత్యలూ దెయ్యాలూ రాశారావిడ. నలభై నవలల దాకా అచ్చయ్యాయి. అద్దెకు పుస్తకాలిచ్చే షాపుల్లో అవి అట్టలు ఊడిపోయేదాకా చేతులు మారాయి. రిటైరయ్యాక నరసరావుపేటలో మా వీధికి వచ్చి ఒంటరిగా ఉండేవారు. నేనప్పుడు డీటీపీ సెంటర్లో పనిచేసేదాన్ని. ఆవిడ చెబుతుంటే టైపు చెయ్యడానికి ఆదివారాలు వెళ్లేదాన్ని.

మొదటి రోజే నా వేళ్లు ఆగిపోయాయి. దెయ్యాలను నిజంగా చూశారా అని అడిగాను.

"చూళ్లేదే పద్మా. విన్నాను," అన్నారు నవ్వుతూ. "ముప్పై ఏళ్లు మనిషి కనపడకుండా గొంతు ఒక్కటే విన్నాను. ఏడ్చేవాళ్లు, బతిమాలేవాళ్లు. అంతకన్నా దెయ్యం ఏముంటది?"

నేను ఒకచోట 'భయంకరమైన ఇల్లు' అని సొంతంగా చేరిస్తే తీసేయించారు. "భయం అని రాస్తే భయమెయ్యదే. లోపల ఎవరూ లేని ఇంటికి లోపలి గడియ పెట్టుందని రాయి, చాలు." ఇప్పుడు నేను రాసే మిస్టరీ నవలల కోసం నేర్చుకున్న మొదటి పాఠం అది. రెండోది ఆవిడ చెప్పి నేర్పింది కాదు.

అప్పుడు ఒక వారపత్రికలో ఆవిడ సీరియల్ వస్తోంది. చనిపోయిన కూతురి గొంతు వినడం కోసం ఒక తల్లి ఇరవై ఒక్క రోజులు నీళ్లు మాత్రమే తాగి దీక్ష చేస్తుంది. చివరి రోజున వంటగదిలోంచి ఆ పిల్ల "అమ్మా" అని పిలుస్తుంది. ఆ వారం పాఠకుల ఉత్తరాలు గుట్టగా వచ్చాయి. ఆదిలక్ష్మి గారు చిన్నపిల్లలా మురిసిపోతూ వాటిని నా చేత రెండేసిసార్లు చదివించుకున్నారు.

ఆ తర్వాతి ఆదివారం గడపలో ఒకాయన నిలబడ్డాడు. దుర్గిలో రాతి విగ్రహాలు చెక్కే మనిషి. కనుబొమల మీద రాతి పొడి ఇంకా తెల్లగా ఉంది. చేతిలో ఆ పత్రిక. ఎంత చెప్పినా కుర్చీలో కూర్చోలేదు.

"ఒక్క మాట కనుక్కుని పోదామని వచ్చానమ్మా. ఆ దీక్షలో పాలన్నా తాగొచ్చా? మా పిల్ల జొరమొచ్చి పోయింది. మీ కథ చదివిన కాడ్నుంచి మా ఆడమనిషి నీళ్లు తప్ప ముట్టట్లా. ఇయ్యాలకి ఎనిమిది రోజులు."

ఆదిలక్ష్మి గారి ముఖంలో రంగు పోయింది. లోపలికెళ్లి చీర మార్చుకుని వచ్చారు. ముగ్గురం మాచర్ల బస్సెక్కాం. దారి పొడుగునా ఆవిడ వేళ్లు పత్రికను చుడుతూనే ఉన్నాయి.

దుర్గిలో వాళ్లింట్లో, వంటగది గుమ్మం పక్కన గోడకు ఆనుకుని కూర్చునుంది ఆ తల్లి. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఆదిలక్ష్మి గారు ఆమె ఎదురుగా నేల మీదే కూర్చున్నారు.

"అది నేనే రాశానమ్మా. అంతా కల్పించాను. ఎన్నాళ్లు కూర్చున్నా పిల్ల పలకదు."

ఆమె తలెత్తి చూసింది. ఆ చూపులో కోపం కూడా లేదు. "మరి అట్టా ఎందుకు రాశారమ్మా?" అంది.

ఆదిలక్ష్మి గారు తప్పయిందని ఆమె చేతులు పట్టుకున్నారు. "నీ బిడ్డ పేరేంది?" అని అడిగారు. దేవి అని చెప్పింది. ఎట్లా మాట్లాడేది, దేనికి అలిగేది, బడి నుంచి రాగానే మొదట ఏమడిగేది, ఒక్కొక్కటే అడుగుతూ పోయారు. ఆమె చెబుతూ చెబుతూ మధ్యలో కూతురి గొంతుతోనే ఒక మాట అనేసి, ఉలిక్కిపడి, అప్పుడు ఏడ్చింది. పొద్దు వాలుతుండగా మొగుడు తెచ్చిన గంజి నాలుగు గుక్కలు తాగింది.

మర్నాడు ఆదిలక్ష్మి గారు సీరియల్ మలుపు మార్చేశారు. ఆ పిలుపు దెయ్యానిది కాదు, పొలం కాజేయడానికి మరిది దాచిపెట్టిన సెల్‌ఫోన్‌లో రికార్డయి ఉన్న గొంతని రాయించారు. రెండు రోజులకు సంపాదకుడు ఫోన్ చేశాడు.

"జనం దెయ్యం కోసం చదువుతున్నారు మేడమ్. మీరు తీసుకెళ్లి దాన్ని మరిది చేతిలో పెట్టారు."

"అదే అచ్చెయ్యండి. లేదంటే ఇక్కడితో ఆపెయ్యండి," అన్నారావిడ.

వేశారు. రెండు వారాల్లో ముగించమన్నారు. ఆ తర్వాత ఏ పత్రికా ఆవిడను సీరియల్ అడగలేదు. ఒకరోజు కళ్లద్దాలు తుడుచుకుంటూ, "నేను రాసినవాటన్నిట్లో మంచి దెయ్యం అదేనే," అన్నారు. బాధ దాచుకోలేదు. రాసింది మార్చినందుకు మాత్రం ఒక్కసారీ నొచ్చుకోలేదు.

ఆవిడ పోయే ముందు ఏడాది నేను నా మొదటి నవల చదివి వినిపించాను. అందులో ఒక భూతవైద్యుడు నిమ్మకాయతో జబ్బు తగ్గిస్తాడు. అక్కడ ఆపించారు. "బాగా రాశావు. ఇది నమ్మి ఎవరన్నా మీ ఇంటికొస్తే ఏం చెప్తావు?"

ఆ అధ్యాయం తీసేశాను.

ఇప్పటికీ ఒక్కో అధ్యాయం పూర్తయ్యాక దుర్గిలో గోడకానుకుని కూర్చున్న ఆ తల్లికి దాన్ని మనసులో చదివి వినిపిస్తాను. కొన్ని చించేశాను. కొన్నింటిని మాత్రం, మరీ బాగా కుదిరాయని వదులుకోలేక, అవి నమ్మి ఎవరూ నా గడపకు రాకూడదని దండం పెట్టుకుంటూ అచ్చుకు పంపించాను.