బిడ్డకు పెట్టని బజ్జీ

లాలాగూడలో మా క్వార్టర్ల ఎదుట బజ్జీల కొట్టు నడిపిన ఆయన పోయిన నెల చనిపోయాడు. భార్య పోయాక ఒక్కడే కూతుర్ని పెంచాడు. పండగైనా, ఒళ్లు కాలిపోతున్నా కొట్టు మూసేవాడు కాదు.

ఆయనకో అలవాటుండేది. కూతురు బడి నుంచి రాగానే మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, ఆ తర్వాతే పిల్ల తల నిమిరేవాడు. మా కోసం ఏనాడూ కడుక్కోలేదు. మెడమీది చెమట తుడుచుకున్న చేత్తోనే పిండి కలిపేవాడు. చూస్తూ కూడా తినేవాళ్లం, రుచి అలాంటిది.

ఒకరోజు మా చిన్నదాన్ని వెంటబెట్టుకెళ్లాను. అది ఊదుకుంటూ బజ్జీ తింటోంది. పక్కనే ఆయన కూతురు పళ్లెంలోంచి ఒకటి తీసుకుంది. ఆయన గబుక్కున లాక్కుని పక్కనున్న మురికి మోరీలో పారేశాడు.

"వద్దు బిడ్డా, నూనె ఖరాబైంది. కడుపు నొస్తది."

నా నోట్లో బజ్జీ ముక్క అలాగే ఆగిపోయింది.

"మరి మా పిల్లకెట్ల పెట్టినవన్నా?"

ఆయన సిగ్గుపడలేదు. "గిరాకీలకు గిట్లనే నడుస్తది సార్. మీ బిడ్డను మీరు చూసుకోవాలె," అన్నాడు మెల్లగా.

నోట్లోది అక్కడే ఉమ్మేశాను. మా చిన్నది ఆ సాయంత్రమే వాంతులు చేసుకుంది.

మొన్న పరామర్శకు వెళ్లాను. "బిడ్డ కోసం పానం పెట్టిండు," అని పక్కింటామె కళ్లొత్తుకుంది. నిజమే. ఏడుస్తున్న ఆ అమ్మాయి తల నిమిరాను. అయినా ఆయన ఫోటోకు దండం పెడదామంటే నా చేతులు లేవలేదు.