ఆర్లిస్ మార్చనివ్వని అక్షరం

అమెరికాలో మంచు బాగా పడే డులూత్ ఊళ్లో, మా క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర కూర్చునే ఆర్లిస్‌కి అరవై మూడేళ్లు. గొంతుకి మాత్రం ఇరవయ్యే. ఎవరొచ్చినా మొదట ఏమని పిలవాలో అడిగి, ఆ పేరునే హాలంతా వినబడేలా పిలుస్తుంది. పదకొండేళ్లుగా పక్కనే నర్సుగా చేస్తున్న నాకు చెవులు ఎప్పుడో తూట్లు పడ్డాయి.

కిందటి ఫిబ్రవరిలో ఓరిన్ వచ్చాడు. రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు, గుబురు గడ్డం. పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాశారు. ఇప్పుడు కాగితాలన్నిటా మగవాడే. గర్భసంచి మాత్రం ఉంది. రెండు నెలలుగా రక్తం కనబడుతోంది. వాళ్లమ్మ గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌తోనే పోయింది. ఎంత సిగ్గు దిగమింగుకుని పరీక్షకి పడుకున్నాడో నేను చూశాను. తీరా నమూనా పంపితే, మగవాడికి ఈ పరీక్షేమిటని ల్యాబు కంప్యూటర్ రద్దు చేసేసింది. నమూనా పారేశారట! మళ్లీ పిలిచి మళ్లీ తీశాం.

"ఇంకోసారంటే నా వల్ల కాదు" అనేసి వెళ్లాడు.

ఈసారి ముందే ల్యాబుకి ఫోన్ చేశాను. అక్కడి పెద్దమనిషి తేలిగ్గా తేల్చేశాడు: ఫైల్లో మగ అని చెప్పే 'ఎం' తీసి, ఆడ అని చెప్పే 'ఎఫ్' కొడితే పనైపోతుందట. నిజం చెప్తున్నాను, నా వేలు ఆ మీట మీదకి వెళ్లింది కూడా. ఒక్క అక్షరమే కదా అనుకున్నాను, బుద్ధి లేక.

ఆర్లిస్ నా చెయ్యి పట్టుకుంది.

"అది కొడితే రేపు ఫలితం కవరు మీద 'మిస్' అని పడుతుంది. అతను ఆ కవరు విప్పుతాడా, అమ్మాయ్?"

విప్పడు. లోపల క్యాన్సర్ అని ఉన్నా విప్పడు. మీట మీంచి వేలు తీసేశాను.

బయట మంచు కురుస్తున్నా ల్యాబుకి బయల్దేరాం. నేను కారు నడుపుతుంటే నమూనా డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది ఆర్లిస్. ల్యాబు నడిపే పెద్దావిడ ఎదుట కుర్చీ లాక్కుని, ఇది తీసుకునేదాకా లేవనంది. ఆ గొంతుకి భవనం దద్దరిల్లింది. పది నిమిషాల్లో తేలిందేమిటంటే, కంప్యూటర్ కాదన్నా చేత్తో నమోదు చేసుకునే వీలు ఎప్పటినుంచో ఉందట. ఇన్నాళ్లూ అడిగినవాళ్లే లేరు! తిరుగుదారిలో ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం.

పది రోజులకి ఓరిన్ విప్పిన కవరుతో వచ్చాడు. కణాలు మారడం మొదలైంది, ఇంకా క్యాన్సర్ కాలేదు, మారినంత మేర ఇప్పుడే తీసేస్తే సరిపోతుంది. నేను సంతోషం పట్టలేక ఏడ్చేశాను. అతను కాగితం బల్ల మీద పరిచి, పైనున్న 'మిస్టర్ ఓరిన్ హాల్వర్సన్' మీద వేలు పెట్టి చదువుకున్నాడు.

తర్వాత, "మళ్లీ ఎప్పుడు రమ్మంటారు?" అని తనే అడిగాడు.