ఒక్క గోలూ కొట్టని శ్యాంసుందర్

జీతానికి ఫుట్‌బాల్ ఆడినవాడు మావాళ్లలో నాకు తెలిసి ఒక్కడే, మా అన్నయ్య కొడుకు శ్యాంసుందర్. సింగపూర్‌లో జీతాల లీగు మొదలైన 1996లోనే ఒక క్లబ్బు వాణ్ణి తీసుకుంది. మూడు సీజన్లు, అరవై ఒక్క మ్యాచ్‌లు, రెండుసార్లు కెప్టెన్. షిప్‌యార్డులో షిఫ్టులు మార్చుకుని అన్నీ చూశాను. ఆ తర్వాత మోకాలు చెడింది, క్లబ్బు వదిలేసింది.

2000 నాటికి మేముండే పేట జురాంగ్ వెస్ట్ నిండా కంప్యూటర్ ఉద్యోగులే. పక్క బ్లాకులో ఉండే హైదరాబాదు ఇఫ్తేఖార్, రాఫెల్స్ ప్లేస్‌లోని తన ఆఫీసు జట్టుకు కోచ్‌ని వెతుకుతున్నాడని తెలిసి శ్యాంసుందర్‌ని తీసుకెళ్లాను. ఆ పని రాకపోతే సోమవారం నుంచి వాడు గోదాములో కాపలాకు చేరాలి.

మైదానంలో ఇఫ్తేఖార్ అడిగాడు. "గోల్స్ ఎన్ని కొట్టిండు అంకుల్?"

"అరవై ఒక్క మ్యాచ్‌లు బాబూ."

"మ్యాచ్‌లు కాదు, గోల్స్."

"ఒక్కటీ లేదు భాయ్," అన్నాడు శ్యాంసుందర్.

ఇఫ్తేఖార్ కూతురు ఉమైమా నవ్వింది. "త్రీ ఇయర్స్, జీరో గోల్. హౌ కెన్ లా," అంది ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో, అదెలా కుదురుతుందన్నట్టు.

నిజం చెప్పాలంటే నాకూ అదే సందేహం. నాకు తెలిసిన ఆట కబడ్డీ. నడి మైదానంలో వీడు చేసే పనేమిటో అన్ని మ్యాచ్‌లు చూసినా అంతుపట్టలేదు.

"పది నిమిషాలు ఆడదాం భాయ్," అన్నాడు శ్యాంసుందర్. " ఉమైమా, నువ్వు బంతిని చూడకు. నేను ఎన్నిసార్లు తల తిప్పుతానో లెక్కపెట్టు."

ఆఫీసు కుర్రాళ్లు రెండు జట్లయ్యారు. శ్యాంసుందర్ పెద్దగా పరుగెత్తలేదు. బంతి రాకముందే భుజం మీదుగా ఇటోసారి, అటోసారి వెనక్కి చూశాడు. బంతి వచ్చింది, ఒక్క తాపుతో ఖాళీగా ఉన్నవాడి దగ్గరికి పోయింది. వెనకనుంచి లాక్కుందామని దూకిన ఇఫ్తేఖార్‌కి గడ్డి దొరికింది.

ఉమైమా డెబ్బై దాకా లెక్కపెట్టి ఆపేసింది.

అప్పుడు నాకు సిగ్గేసింది. మూడేళ్లూ వాడు తల తిప్పినప్పుడల్లా గ్యాలరీలో నాకోసమే వెతుకుతున్నాడనుకుని, లేచి నిలబడి చెయ్యూపాను.

"నేనొస్తున్నట్టు ఎట్ల తెలిసె?" ఇఫ్తేఖార్ ఆయాసపడుతూ అడిగాడు.

"మీరు బయల్దేరకముందే చూశాను భాయ్."

ఇఫ్తేఖార్ వాడి దగ్గరికొచ్చాడు. "ఆదివారం పొద్దుగాల ఏడింటికి అందర్ని తెస్తా. ముందుగాల నాకు నేర్పు."

"నో, నాకు ఫస్ట్ లా, డాడీ," అంది ఉమైమా.

శ్యాంసుందర్ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టాడు. ముందు చూడటం నేర్చుకోవాలి, బంతితో ఇంకా పని లేదంటూ దాన్ని తెచ్చి నా చేతికిచ్చి, దూరంగా వెళ్లి కూర్చోమన్నాడు.