నీలం దారం

మా మావయ్యకి ఒక పాడలవాటు ఉంది. రోడ్డు మీద పాత స్కూటరు ఆగి కనిపిస్తే దాని క్లచ్ నొక్కి చూడకుండా కదలడు. ఓనరు పక్కనే ఉన్నా సరే. పసిపిల్లలు కనిపిస్తే బుగ్గ గిల్లేవాళ్లుంటారు చూడండి, ఆ బాపతు. నొక్కి, "ఇది నా చెయ్యి" అనో, "ఎవడో కసాయివాడి పని" అనో తేల్చేస్తాడు. పాత స్కూటర్ల క్లచ్ విషయంలో ఈ చుట్టుపక్కల తనది తప్ప ఇంకో చెయ్యి లేదని ఆయన ధీమా. చదువు సగంలో వదిలేసి ఆయన రిపేరు షెడ్డులో చేరిన నన్ను బ్రేకు తీగ దాకా రానిస్తాడు గానీ క్లచ్ ముట్టుకోనివ్వడు. "నీ చేతికి తొందరెక్కువరా అల్లుడూ" అంటాడు.

తీగ లాగి పట్టుకుని, కింద నట్టు బిగించి, లివర్ నొక్కుతాడు. మొదట రూపాయి బిళ్ళ దూరేంత వదులుండాలి. అది ఎక్కువైతే గేరు వెయ్యగానే బండి గెంతుతుంది. అసలు లేకపోతే ఎత్తు ఎక్కలేక ఊరికే అరుస్తుంది. సరిపోయిందనుకున్నాక మిగిలిన తీగ కొసని ప్లయరుతో వంచేస్తాడు.

పోయిన నెల మందుల షాపు ముందు లెక్కల మాస్టారి స్కూటరు కనిపించింది. మావయ్య చేతిలో పెరిగిన బండి అది. అలవాటుగా నొక్కాడు. మళ్లీ నొక్కాడు. మూడోసారి కళ్లు మూసుకుని నొక్కాడు.

"వెన్నలా ఉందిరా. ఇది నేను చెయ్యలేదు."

కింద కూర్చుని ఇంజను పక్కకి తల పెట్టి చూశాడు. తీగ కొస వంచి లేదు. నీలం దారం చుట్టి ముడేసి ఉంది.

"స్టైలుగాడు" అన్నాడు పళ్లు కొరుకుతూ. మా షెడ్డుకి ఎదురుగా కొత్తగా షాపు పెట్టినవాడు. చేతులకి నల్ల తొడుగులేసుకుని పని చేస్తాడని ఆ పేరు మావయ్యే పెట్టాడు.

"మాస్టారినే అడుగుదాం పద మావయ్యా" అన్నాను.

"అడిగితే నాకు మండుతోందని ఆయనకి తెలిసిపోదూ?"

ఇక చూడాలి. ఆగి ఉన్న ప్రతి స్కూటరు కిందకీ వంగడమే పని. పాల డిపో ఆయన బండికి నీలం దారం. ఫొటో స్టూడియో ఆయన బండికీ అదే. మావయ్య ఎదురు షాపు వైపు కుర్చీ తిప్పుకుని కూర్చున్నాడు. స్టైలుగాడు మర్యాదగా నమస్కారం పెడితే, "పొగరు చూశావా" అన్నాడు. తిండి సహించలేదు.

షెడ్డు వెనకే ఇల్లు. అత్తయ్య బట్టలు కుడుతుంది. ఆ మధ్యాహ్నం మేం తింటుంటే పక్కన కూర్చుని నా చొక్కాకి గుండీ కుట్టి, నీలం దారం పంటితో తెంపింది. మావయ్య చెయ్యి కంచంలో ఆగిపోయింది. దారం చూశాడు, ఆవిడ మొహం చూశాడు.

"మాస్టారి క్లచ్... నువ్వా?"

"ఆయన వచ్చినప్పుడు మీరు గుర్రు పెడుతున్నారు, వీడు బజారుకెళ్లాడు. లేపితే బండినీ తిడతారు, మనిషినీ తిడతారు. ఇన్నేళ్లు స్పానర్లు అందించాను, ఆ మాత్రం రాదా? మిషను నూనె రెండు చుక్కలేశాను. కొస వేళ్లకి గుచ్చుకుంటోందని దారం చుట్టాను."

"మరి చెప్పలేదే?"

"ఎక్కడ చెప్పనిచ్చారు? నోరు తెరిస్తే స్టైలుగాడు, స్టైలుగాడు. పోనీ ఆ అబ్బాయికైనా పేరొస్తుందిలే అనుకున్నా."

నాకు నవ్వాగలేదు. మావయ్య చూసిన చూపుకి ఆగింది.

ఎదురు షాపు మీద ఏడుపు అక్కడితో పోయింది. పోయి ఇంట్లో కూర్చుంది. స్టైలుగాణ్ణయితే తిట్టుకుంటూ బతికెయ్యొచ్చు. ఆవిడ వడ్డించిన కంచం ముందు కూర్చుని ఆవిడనేమంటాడు?

ఆ రోజు నుంచి మధ్యాహ్నం నిద్ర మానేశాడు. కళ్లు ఎర్రబడ్డా సరే, షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకుని కాపలా.

నిన్న ఫొటో స్టూడియో ఆయన వచ్చాడు. కొత్త తీగ సాగి క్లచ్ వదులైందట. వదులైందన్న మాటకి మావయ్య మొహం వెలిగింది. లేచి స్పానరు తీశాడు. ఆయన మటుకు లోపలికి తొంగి చూశాడు.

"అక్కగారు లేరా?"

"నిద్రపోతోంది."

లోపల కుట్టు మిషను టకటకమంటూనే ఉంది. ఆయన ఒక్క క్షణం విన్నాడు.

"పర్లేదు, లేచేదాకా ఉంటాను" అని మావయ్య కుర్చీలో కూర్చున్నాడు.