ఒకటో నంబర్ చీటీ

శామీర్‌పేట చెరువు దగ్గర రోడ్డు పక్కన చేపలమ్మే భవాని చెయ్యి పెద్దది. ఎవరు కొన్నా తూకం అయ్యాక ఒక చిన్న చేప కొసరేస్తుంది. ఒక్క యాదగిరికి మాత్రం వెయ్యదు. పన్నెండేళ్లుగా ఆమె దగ్గరే కొంటున్నాడు, ఒక్క రొయ్య కూడా కొసరు ఎరగడు. అడగడానికి అభిమానం అడ్డం. అరవై దాటినవాడు, ఒకప్పుడు బడి ఎదురుగా దుకాణం నడిపినవాడు, చేపపిల్ల కోసం దేబిరిస్తాడా?

ఆ ఆదివారం పొద్దున చేపలు కొని ఫోన్‌లోంచి డబ్బులు పంపాడు. తెర మీద గీకే కార్డు ఒకటి మెరిసింది. సంబరంగా బొటనవేలితో రుద్దాడు. ఏమీ తగల్లేదు, మళ్లీ ప్రయత్నించమంది.

"దీన్ల గూడ ఒకటో నంబర్ లేదా మామా?" అంది భవాని, పొలుసు తీస్తూ, తల ఎత్తకుండానే.

యాదగిరికి చెంప మీద కొట్టినట్టయింది. సంచీ పట్టుకుని గబగబా ఇంటిదారి పట్టాడు.

ఎంత బాగుండేవి ఆ రోజులు! నాలుగు పిప్పరమెంట్ల సీసాలు, గుమ్మానికి వేలాడే లాటరీ అట్ట, అదే దుకాణం. ఇంటర్వెల్ గంట కొట్టడం ఆలస్యం, పిల్లలు ఎగబడేవారు. రూపాయికో చీటీ. నాణెంతో వెండిపూత గీకితే నంబరు కనపడేది. బుడగ, ఈల, ప్లాస్టిక్ ఉంగరం తగిలేవి. ఒకటో నంబరుకు మాత్రం నెమలి బొమ్మ గోడ గడియారం. గీకిన పొడి పిల్లల ముక్కుల మీద కూడా మెరిసేది. సాయంత్రం ఆ పొడి ఊడ్చుకోవడం యాదగిరికి ఇష్టంగానే ఉండేది.

అదృష్టం అదృష్టం అంటారుగానీ, ఆ అదృష్టం ఉండేది యాదగిరి గల్లాపెట్టెలో! అట్ట అమ్మిన బేగంబజార్ సేటు ఒకటో నంబర్ చీటీని విడిగా కవర్లో పెట్టిచ్చేవాడు. "పది చీటీలు మిగిలినంక అతికియ్యి. ముందే తగిల్తే ఇగ ఎవడు గీకుతడు?" అని నేర్పాడు. యాదగిరి అలాగే చేసేవాడు. ఆలస్యంగానైనా ఎవరికో ఒకరికి తగిలేది. ఆ గడియారం దగ్గరే బుద్ధి గడ్డి తిన్నది. కొత్త ఇంట్లో గోడ బోసిగా ఉందని భార్య విజయమ్మ అంది. అట్ట మీద పది మిగిలాయి. ఒకటో నంబరు గల్లాలోనే ఉండిపోయింది.

ఆ పదీ గీకింది భవానే. అప్పుడు పదేళ్ల పిల్ల. తల్లి వెంట చేపలు కడిగి కూడబెట్టిన రూపాయలు. ఆఖరిది గీకాక అట్ట తిప్పి చూసి, "ఒకటో నంబర్ ఏది మామా?" అంది.

"నిన్ననే ఎవలో గీకిన్రు బిడ్డా," అన్నాడు. ఆ ముఖం చూడలేక పిప్పరమెంట్ ఇవ్వబోతే ఆ పిల్ల తీసుకోలేదు.

ఇల్లు చేరగానే యాదగిరి కుర్చీ వేసుకుని గడియారం దించాడు.

"బంగారమసుంటి గడియారం, ఎందుకు దీస్తున్నవ్?" అంది విజయమ్మ.

"మనది గాదే గది."

ఆమెకు సంగతి తెలుసు. కొంగుతో దుమ్ము తుడిచి సంచీలో పెట్టింది. పాత గల్లాపెట్టె అడుగున చీటీ దొరికింది.

మళ్లీ చెరువు దగ్గరికి వెళ్లి, భవాని ముందు చీటీ, రూపాయి నాణెం పెట్టాడు. "గీకు బిడ్డా."

భవాని చేతులు తుడుచుకుని గీకింది. వెండిపొడి చేప పొలుసుల్లో కలిసింది. ఒకటి!

"గప్పుడు అబద్ధం జెప్పిన. గిది అట్ట మీద పెట్టనే లేదు," అన్నాడు.

"నాకెర్కనే మామా. మీ వాడకు మొదటిసారి చేపలు దెచ్చిన్నాడే మీ గోడ మీద సూసిన. గందుకే నీకు కొసరెయ్య మనసొప్పలె."

సంచీలోంచి గడియారం తీసి, తను నీడకు పాతుకున్న గొడుగు కర్రకు తగిలించింది. కాసేపు కళ్లార్పకుండా దాన్నే చూసింది. వెళ్లబోతున్న యాదగిరిని ఆపి, "సంచి పట్టు మామా," అంది.

ఖాళీ సంచీలో ఒక చేప పడింది.

"నేనేం కొనలే గదా బిడ్డా!"

"పొద్దుగాల కొన్నవ్ గదా. గిది కొసరు."